సెల్ఫ్ కొనేముందు రింగు పళ్ళు లెక్కపెట్టండి

పాత బండ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకటే పాట: సెల్ఫ్ తిరగడం లేదు, ఏది కొనాలి? అందుకని కార్బురేటర్ ప్రశ్నలు వచ్చే సంచికకి జరిపి, ఈ పేజీలు మొత్తం సెల్ఫ్‌కే ఇచ్చేశాం. సెల్ఫ్ అంటే ఇంజన్‌ని మొదట తిప్పి అందించే కరెంటు మోటారు. దాని మొనన ఉన్న చిన్న పళ్ళ చక్రం పినియన్. ఇంజన్ వెనక ఉండే బరువు చక్రం ఫ్లైవీల్, దాని చుట్టూ ఉన్న పళ్ళ పట్టీ రింగు. పినియన్ పట్టుకుని తిప్పేది ఆ రింగునే.

ప్రశ్న: మాది అంబాసిడర్ మార్క్-2, పెట్రోల్, 1489 సీసీ. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటుంది. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో గంట తిరిగి ఆపాక మాత్రం, మళ్ళీ కొడితే మూలుగుతూ సగం తిరిగి ఆగిపోతుంది. అరగంట ఆగితే మామూలే. బ్యాటరీ మార్చి ఆరు నెలలే. ఆటోనగర్‌లో చూపిస్తే సెల్ఫ్ మార్చేయమన్నారు. ఇంకొకాయన డీజిల్ అంబాసిడర్ సెల్ఫ్ పెట్టేయండి, దెబ్బకి తిరుగుతుంది అంటున్నారు. ఏం చేయమంటారు?
– పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: డీజిల్ సెల్ఫ్ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. డీజిల్ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 20కి పైన, మీ పెట్రోల్ ఇంజన్‌ది 7, 8 దగ్గర. ఆ మోటారుని ఆ బరువు కోసమే చుట్టారు. అది లాగే కరెంటుకి మీ కేబుళ్ళు, సొలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి) చాలవు. లోపం ఎక్కడుందో తెలియకుండా పెద్ద మోటారు పెట్టడమంటే, కాలువ పూడిపోతే పెద్ద పంపు కొన్నట్టే.

లోపం వేడి మీదే వస్తోంది కాబట్టి పరీక్షలూ వేడి మీదే చేయాలి. చల్లటి బండిని పట్టుకుని చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. మెకానిక్కులు పొరపడేది ఇక్కడే.

మొదటి పరీక్షకి పైసా ఖర్చు లేదు. బండి వేడెక్కి మొరాయించినప్పుడు ఇగ్నిషన్ కాయిల్ మీది సన్న వైరు ఒకటి ఊడదీసి సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ హాయిగా తిరిగితే సెల్ఫ్ నిర్దోషి. టైమింగ్ మరీ ముందుకి ఉంది, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి అడ్వాన్స్ గుండ్లు తుప్పు పట్టి ఇరుక్కున్నాయి. పిస్టన్ పైకి రాకముందే మంట పడి దాన్ని వెనక్కి తన్నుతోంది, సెల్ఫ్ ఆ తన్నుకి ఎదురీదుతోంది. టైమింగ్ సరిచేస్తే సరిపోయేదానికి సెల్ఫ్‌లు కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

వైరు పీకినా మూలుగుతూనే ఉంటే మల్టీమీటర్ తీయండి. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, కాయిల్ వైరు ఊడే ఉంచి, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు చూడాలి. బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య 9.6 వోల్టుల కన్నా దిగకూడదు. దిగితే ముందు బ్యాటరీని చార్జి చేసి నాలుగు గంటలు ఊరికే వదలండి. అప్పుడు 12.6 చూపాలి. 12.2 చూపితే సగమే నిండినట్టు, ఆర్నెల్ల బ్యాటరీ అయినా సరే.

తర్వాత మీటరు ఒక ముల్లు బ్యాటరీ లైవ్ ధ్రువం మీద, రెండోది సెల్ఫ్ మీది లావు స్టడ్ మీద పెట్టండి. ముల్లు ఆనాల్సింది ధ్రువం సీసం మీద, క్లాంపు మీద కాదు. తరచూ లోపం ఆ రెంటి మధ్యే ఉంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.5 వోల్టు దాటకూడదు. అలాగే సెల్ఫ్ బాడీకీ బ్యాటరీ ఎర్త్ ధ్రువానికీ మధ్య చూడండి. ఇక్కడ 0.2 దాటకూడదు. మీ బండి ఇంకా పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ ధ్రువాన్ని బాడీకి కలిపిన పాత పద్ధతి) అయితే మీటరు మైనస్ చూపించవచ్చు, అంకె చూస్తే చాలు.

ఒక లెక్క చూడండి. బ్యాటరీ దగ్గర 10.4, సెల్ఫ్ దగ్గర 8.6 వచ్చిందనుకుందాం. దారిలో 1.8 వోల్టులు పోయాయి. 150 ఆంపియర్ల మీద అది 270 వాట్లు. ఆ వేడంతా ఎక్కడో ఒక తుప్పు పట్టిన నట్టు కింద పుడుతోంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే జాయింట్లు ఒక్కొక్కటీ వేలితో తాకి చూడండి. ఏది చురుక్కుమంటే అదే దొంగ.

అంబాసిడర్‌లో ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఇంజన్ నుంచి బాడీకి వెళ్ళే అల్లిక ఎర్త్ పట్టీ లేకపోయినా, ఒక పోగు మీద వేలాడుతున్నా సెల్ఫ్ కరెంటు దొరికిన దారిన పోతుంది. చోక్ వైరు, యాక్సిలరేటర్ వైరు మీదుగా కూడా. చోక్ తీగ తొడుగు కరిగి ఉందేమో, సెల్ఫ్ కొట్టినప్పుడు డాష్‌బోర్డు కింద కాలిన వాసన వస్తోందేమో గమనించండి. ఈ మధ్య డెంటింగ్, పెయింటింగ్ చేయించారా? అయితే ఎర్త్ బోల్టు కింద కొత్త రంగు ఉండే ఉంటుంది. రంగు కరెంటుని పోనివ్వదు. మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, బిగించి, పైన వ్యాజిలైన్ రాయండి.

కేబుల్ సంగతీ ఒకసారి చూడండి. 12 వోల్టుల అంబాసిడర్‌కి రాగి అడ్డుకోత 35 చదరపు మి.మీ. ఉంటే నిశ్చింత. కొట్లలో దొరికే కొన్ని కేబుళ్ళు బయటికి బొద్దుగా ఉంటాయి, లోపల రాగి 16 కూడా ఉండదు, మిగతాదంతా ప్లాస్టిక్కే. కోసిన చివర చూసి కొనండి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు నేరం సెల్ఫ్ మీదికి వస్తుంది. డీసీ క్లాంప్ మీటరు ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గర కరెంటు కొలిపించండి. మెల్లగా తిరుగుతూ కరెంటు తక్కువ లాగితే లోపల ఎక్కడో అడ్డు: కార్బన్లు (మోటారుకి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) అరిగాయి, స్ప్రింగులు మెత్తబడ్డాయి, కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల ఉంగరం) మసిబారింది. మెల్లగా తిరుగుతూ 300, 350 ఆంపియర్లు లాగితే ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) దేనికో రాసుకుంటోంది, లేదా చుట్టలు షార్టు. వేడి మీద మాత్రమే మొరాయించే సెల్ఫ్‌లో మా అనుమానం ఎప్పుడూ ముందు బుష్‌ల మీదికే పోతుంది. బుష్ (షాఫ్టు చివర తిరిగే లోహపు గొట్టం) అరిగితే షాఫ్టు పక్కకి వాలి, ఆర్మేచర్ వెళ్ళి పోల్ షూలకి (బాడీ లోపలి ఇనుప దిమ్మలకి) తగులుతుంది. దానికి తోడు రాగి 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి పోతే దాని నిరోధం పావు వంతు పైన పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చే మోటారు రోహిణి కార్తె ఎండలో చేతులెత్తేసేది అందుకే. విప్పి చూస్తే పోల్ షూ మీద ఒక పక్క అద్దంలా మెరిసే గీతలుంటాయి.

అలాంటప్పుడు కొత్తది కొనకండి. మీ పాత బాడీనే బుష్‌లు, కార్బన్లు మార్చి బాగుచేయించుకోవడం మా సలహా. మీ ఫ్లైవీల్‌కి సరిపోయిన ముక్కు, ఫ్లాంజి (బోల్టులు పట్టే అంచు), పినియన్ దానికి ఉన్నాయని ఇన్నేళ్ళూ రుజువైంది. ఆర్మేచర్ కాలిపోతేనో, బాడీ పగిలితేనో వేరేది వెతకాలి. ఆర్మేచర్ కాలిందని ఎలా తెలుస్తుందంటే, కమ్యుటేటర్ చుట్టూ బాడీ లోపలి గోడకి టంకం చుక్కలు చిమ్మినట్టు అంటుకుని ఉంటాయి. ఆగకుండా సెల్ఫ్ కొట్టిన గుర్తు అది. ఒకసారికి పది సెకన్లు, మధ్యలో కనీసం అర నిమిషం విరామం.

బాగుచేసిన సెల్ఫ్ మార్పిడికి ఇచ్చే కొట్లలో తీసుకుంటే, కొత్తది బిగించి వేడి మీద నాలుగుసార్లు కొట్టి చూశాకే మీ పాతది ఇవ్వండి.

ప్రశ్న: స్టాండర్డ్ హెరాల్డ్‌కి పాత సామాన్ల కొట్టులో సెల్ఫ్ కొన్నాను. బోల్టు రంధ్రాలు అచ్చంగా సరిపోయాయి. కానీ కొట్టినప్పుడల్లా గరగరమని కొరుకుతోంది, నాలుగుసార్లకి ఒకసారి పట్టుకోకుండా వట్టిగా తిరుగుతోంది. నప్పుతుందో లేదో కొనేముందే ఎలా తెలుసుకోవాలి?
– పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: బోల్టులు కుదిరాయంటే పీటల మీద కూర్చున్నారనే, జాతకాలు కలిశాయని కాదు. సెల్ఫ్‌ని బండి పేరు చెప్పి కొనకూడదు. మీ బండి ఇంజన్‌గానీ ఫ్లైవీల్‌గానీ ఇన్నేళ్ళలో మారలేదని ఎవరు చెప్పగలరు? బాడీ మీద కొట్టిన నంబరు, రింగు పళ్ళు, పినియన్ కొలతలు చెప్పి కొనాలి.

పాత లూకాస్ సెల్ఫ్‌ల నంబర్లలో మోటారు వ్యాసం ఉంటుంది. ఎం35 అంటే మూడున్నర అంగుళాలు, అంటే 89 మి.మీ. ఎం418 అంటే నాలుగుంపావులో ఇంకో అర పావు తక్కువ, 105 మి.మీ. లావు మోటారు పెడితే కొన్నిచోట్ల ఆయిల్ ఫిల్టర్‌కో స్టీరింగ్ రాడ్‌కో తగులుతుంది.

ఇక పళ్ళు. సెల్ఫ్ తీసిన రంధ్రంలోంచి రింగు మీద ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, ప్లగ్గులు విప్పి, ముందు పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి మెల్లగా తిప్పుతూ లెక్కపెట్టండి. రెండుసార్లు. ఒక పన్ను తేడా వచ్చినా మూడోసారి. గేర్‌బాక్స్ దింపి ఉంటే రింగు బయటి వ్యాసం కూడా కొలవండి. వ్యాసాన్ని పళ్ళ సంఖ్యకి రెండు కలిపిన అంకెతో భాగిస్తే మాడ్యూల్, అంటే పంటి పరిమాణం చెప్పే అంకె, వస్తుంది. ఉదాహరణకి 120 పళ్ళ రింగు వ్యాసం 309.9 మి.మీ. ఉందనుకోండి, 309.9ని 122తో భాగిస్తే 2.54. అది అంగుళాల కొలతలో 10 డీపీ (వ్యాసంలో అంగుళానికి పది పళ్ళు). మిల్లీమీటర్ల కొలతలో చేసిన పినియన్ 2.5 ఉంటుంది. 2.5కీ 2.54కీ కంటికి తేడా తెలియదు, చేతికీ తెలియదు. రింగుకి మాత్రం తెలుస్తుంది. మీ గరగరకి ఇదొక కారణం కావచ్చు. ఈ లెక్క రింగు మీదే చేయండి, పినియన్ మీద కాదు. తొమ్మిది, పది పళ్ళ పినియన్లకి మొదలు బలంగా ఉండాలని పంటి ఆకారాన్ని కావాలని బయటికి జరిపి కోస్తారు, అక్కడ ఈ సూత్రం తప్పుతుంది.

పినియన్లని పోల్చడానికి మోటు ఉపాయం ఒకటుంది. బట్టల సబ్బు బిళ్ళని కాస్త తడిపి, దాని మీద పాత పినియన్‌ని అదిమి ఒక చుట్టు దొర్లించండి. ఆ అచ్చులో కొత్త పినియన్‌ని పెట్టి దొర్లించండి. నాలుగో పంటికల్లా అచ్చు గోడలు చెదిరిపోతే ఆ సెల్ఫ్ మీది కాదు.

తిరిగే దిక్కు. చాలా ఇంజన్లు ముందు నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతాయి. సెల్ఫ్ ఇంజన్ పక్కన పడుకుని పినియన్ వెనక్కి చూస్తుంటే, పినియన్ వైపు నుంచి చూసినప్పుడు అదీ గడియారం ముల్లులాగే తిరగాలి. సెల్ఫ్ గేర్‌బాక్స్ పక్కన ఉండి పినియన్ ముందుకి చూస్తుంటే వ్యతిరేక దిక్కు. బెండిక్స్ రకం (మోటారు తిరగగానే పినియన్ మర మీద తనే జరిగి రింగుని పట్టుకునేది) దిక్కు తప్పి తిరిగితే మర మీద పినియన్ ముందుకి రాదు, వీమని వట్టిగా తిరుగుతుంది. మీది నాలుగింట మూడుసార్లు పట్టుకుంటోంది కాబట్టి దిక్కు సరే.

నాలుగోది ఎవరూ చూడనిది. రింగు పళ్ళకి ఒక పక్క అంచు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, పినియన్ తేలిగ్గా దూరడానికి. బెండిక్సుల్లో రెండు రకాలు: పినియన్ మోటారు వైపుకి లోపలికి వచ్చి పట్టుకునేది, మోటారు నుంచి బయటికి వెళ్ళి పట్టుకునేది. రింగుకి ఏటవాలు ఉన్న వైపు నుంచే పినియన్ రావాలి. అటుది ఇటు పెడితే పళ్ళు ఎదురెదురుగా గుద్దుకుని కొరుక్కుంటాయి. పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేనట్టు. మీరు రాసిన లక్షణం అచ్చంగా ఇలాగే ఉంది. సెల్ఫ్ దించి రింగు పళ్ళు చూడండి. అంచులు మాత్రమే చిట్లి మెరుస్తుంటే తప్పు దూరే వైపుది. పంటి పక్క గోడ మధ్యలో అరిగి ఉంటే తప్పు పంటి కొలతది.

చివరికి దూరాలు. పినియన్ ఆగి ఉన్నప్పుడు దానికీ రింగు అంచుకీ మధ్య 2, 3 మి.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే నడుస్తున్న ఇంజన్ దాన్ని గోకుతుంది. చేత్తో లాగి రింగులో పెట్టినప్పుడు పంటి మొనకీ ఎదుటి గాడి అడుగుకీ మధ్య అర మిల్లీమీటరు తీగ దూరాలి. ఫ్లాంజి కింద షిమ్ (పలుచటి రేకు) వేస్తే మొదటి దూరం మారుతుంది, రెండోది మారదు. ఎందుకంటే సెల్ఫ్ ముక్కు రంధ్రంలో కూర్చునే తీరే పినియన్ ఎంత దగ్గరగా వస్తుందో తేల్చేస్తుంది. షిమ్ వేసి గరగర తగ్గిస్తామంటే నమ్మకండి. ఫ్లాంజి రంధ్రాలని ఆకురాయితో సాగదీస్తామంటే అసలు నమ్మకండి.

ప్రశ్న: నాన్నగారి మోరిస్ మైనర్. పాత సెల్ఫ్ బరువని, కొత్త రకం చిన్న గేర్ సెల్ఫ్ పెట్టించాను. మొదట మోటారు తిరిగేది కానీ ఇంజన్ కదిలేది కాదు. బ్యాటరీ తీగలు అటూ ఇటూ మార్చి కలిపారు, ఇంజన్ అందుకుంది. కానీ ఇప్పుడు స్విచ్చి వదిలాక కూడా సెల్ఫ్ ఒకటి రెండు సెకన్లు గీమంటూ పట్టుకునే ఉంటోంది. చార్జింగ్ లైటు కూడా ఆరడం లేదు.
– పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో మూడు సమస్యలున్నాయి. మూడింటికీ మూలం ఒకటే: కొత్త సెల్ఫ్‌లో ఫీల్డ్ కాయిళ్ళు (పోల్ షూల చుట్టూ ఉండే తీగ చుట్టలు) లేవు, శాశ్వత అయస్కాంతాలున్నాయి.

పాత చుట్టల సెల్ఫ్‌లో బ్యాటరీని తిరగేస్తే ఫీల్డూ ఆర్మేచరూ రెండూ కలిసి తిరగబడతాయి, కాబట్టి తిరిగే దిక్కు మారదు. అయస్కాంతం మాత్రం తిరగబడదు. మీ మోరిస్ మైనర్ పాజిటివ్ ఎర్త్ బండి. దాని మీద ఆ మోటారు వెనక్కి తిరిగింది, లోపలి ఒంటివైపు క్లచ్ జారింది, ఇంజన్ కదల్లేదు. కొనేటప్పుడే గుర్తుపట్టవచ్చు: బాడీ చుట్టూ పెద్ద పెద్ద స్క్రూ తలలు కనిపిస్తే అవి పోల్ షూలని పట్టి ఉంచేవి, అంటే చుట్టల మోటారు. నున్నగా ఉంటే అయస్కాంతాలది కావచ్చని అనుమానించి అడగండి.

ఇక వదలకపోవడం. మీ పాత స్విచ్చి నుంచి లావు తీగ సెల్ఫ్ స్టడ్‌కి వచ్చి, అక్కడి నుంచి చిన్న ముక్క తీగతో సొలినాయిడ్ ట్రిగ్గర్‌కి కలిపి ఉంటారు. మీరు స్విచ్చి వదిలాక కూడా మోటారు వేగానికి ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అయస్కాంతాల మధ్య తిరిగే మోటారు డైనమోలా కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు ఆ ముక్క తీగ మీదుగా సొలినాయిడ్‌కి చేరి దాన్ని పట్టి ఉంచుతుంది. తన చెయ్యి తనే పట్టుకున్నట్టు. ఇలా కొన్నాళ్ళు నడిపితే ఒంటివైపు క్లచ్ కాలిపోతుంది.

ఆ ముక్క తీగ తీసేయండి. బ్యాటరీ లైవ్ నుంచి లావు కేబుల్ నేరుగా సెల్ఫ్ స్టడ్‌కి రావాలి. పాత స్విచ్చి అవతలి చివర నుంచి 4 చదరపు మి.మీ. తీగ ఒకటి ట్రిగ్గర్‌కి వెళ్ళాలి. కీతో కొట్టే బండి అయితే మధ్యలో 40 ఆంపియర్ల రిలే పెట్టించండి. కొత్త సొలినాయిడ్ మొదటి క్షణంలో లాగే కరెంటుకి పాత కీ స్విచ్చి పాయింట్లు నల్లబడిపోతాయి. ఒక జాగ్రత్త: ఇప్పుడు ఆ లావు కేబుల్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఫ్యూజు లేదు. స్టడ్‌కి రబ్బరు టోపీ, దారంతా క్లిప్పులు, సైలెన్సర్ గొట్టానికి అరచెయ్యి దూరం.

చార్జింగ్ లైటుది చిన్న పని. బ్యాటరీ తిరగేశారు కానీ డైనమోకి ఆ కబురు అందలేదు, దాని ఇనుములో పాత ధ్రువమే మిగిలి ఉంది. డైనమో మీది రెండు తీగలూ ఊడదీసి, బ్యాటరీ లైవ్ నుంచి ఒక తీగ తెచ్చి ‘ఎఫ్’ అని రాసి ఉన్న చిన్న టెర్మినల్‌కి రెండు మూడుసార్లు అలా తాకించి తీసేయండి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, అంతే. ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు సన్న తీగలు కూడా అటూ ఇటూ మార్చండి. ఆమ్మీటరు ఉంటే దానివీ మార్చాలి.

ప్రశ్న: 6 వోల్టుల పాత జీపు, ఇంజన్ పాత విల్లీస్ రకం. తిప్పడానికి నీరసం. 12 వోల్టుల బ్యాటరీ పెట్టేసి అదే సెల్ఫ్ వాడుకోవచ్చంటున్నారు. నిజమేనా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: తిరగడం తిరుగుతుంది. కాలు పెట్టి నొక్కే స్విచ్చి అయితే దానికి కాయిల్ లేదు కాబట్టి అదీ కాలిపోదు. కానీ పినియన్ వెళ్ళి రింగుని రెట్టింపు ఊపుతో గుద్దుతుంది. ముందు బెండిక్స్ స్ప్రింగు పోతుంది, ఆ తర్వాత రింగు పన్ను. రెండు మూడు సెకన్లకే అందుకునే ఇంజన్ అయితే ఏళ్ళు నడుస్తుంది. పొద్దున్నే నిమిషంసేపు కొట్టాల్సిన ఇంజన్ అయితే నడవదు.

మీ నీరసానికి సగం కారణం బహుశా కేబుళ్ళే. అదే శక్తికి 6 వోల్టుల మీద కరెంటు రెట్టింపు కావాలి. అదే తీగలో వోల్టుల నష్టమూ రెట్టింపవుతుంది, ఉన్న ఆరింటిలో దాని వాటా నాలుగింతలు. ఎప్పుడో ఎవరో 12 వోల్టుల బండి కేబుల్ తెచ్చి దీనికి కట్టి ఉంటారు. 70 చదరపు మి.మీ. రాగి కేబుళ్ళు, ఎర్త్ పట్టీతో సహా, వేసి చూడండి. చాలా జీపులు దానికే దారికొస్తాయి.

12కి మారాలనే అనుకుంటే 12 వోల్టుల సెల్ఫ్ కొనండి, కానీ ముందు రింగు పళ్ళు లెక్కపెట్టండి. ఈ ఇంజన్ల ఫ్లైవీళ్ళు 97, 124, 129 పళ్ళతో వచ్చాయి, ఒకదాని సెల్ఫ్ ఒకదానికి నప్పదు. కాయిల్, బల్బులు, హారను, పెట్రోల్ గేజి, డైనమో, రెగ్యులేటరు అన్నీ 12వి కావాలి.

ప్రశ్న: సింగ్ నగర్‌లో ఉంటాం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు మా పద్మిని సీట్ల దాకా మునిగింది. ఇంజన్ విప్పి శుభ్రం చేయించాం, సెల్ఫ్ మాత్రం ముట్టుకోలేదు. ఇప్పుడు టక్ మని ఒక్క శబ్దం, అంతే. మార్చేయాలా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: విప్పకుండా మార్చకండి, విప్పకుండా ఇంకోసారి కొట్టనూ కొట్టకండి. వరద నీటిలో బురద ఉంటుంది, అది ఆరాక బుష్‌లో సిమెంటులా గట్టిపడుతుంది. కదలని మోటారులోకి వందల ఆంపియర్లు పంపితే కాయిళ్ళు నిమిషంలో మాడతాయి.

విప్పించి దగ్గరుండి చూడండి. ఆర్మేచర్, ఫీల్డ్ కాయిళ్ళని మంచినీళ్ళతో బురద వదిలేలా కడిగి, 80, 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాలి. కాయిల్‌కీ బాడీకీ మధ్య మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) ఒక మెగా ఓమ్ పైన వస్తే కాయిల్ బతికినట్టే, వార్నిష్ పట్టించి మళ్ళీ ఆరబెడితే చాలు. కార్బన్లు 8 మి.మీ. కన్నా తగ్గితే మార్చాలి. ఫీల్డ్ కాయిల్ అల్యూమినియందైతే దానికి టంకం పట్టదు. పాత కార్బన్ తోకని అర సెంటీమీటరు పైన వదిలి కత్తిరించి, ఆ తోకకే కొత్తది టంకం పెట్టాలి.

కమ్యుటేటర్‌ని లేత్ మీద సన్నగా తీయించి, సన్న గాజు కాగితంతో నునుపు చేయాలి. ఎమెరీ వద్దు, దాని రేణువులు రాగిలో దిగబడతాయి. పాత లూకాస్ పద్ధతి సెల్ఫ్‌లకి ఒక నియమం ఉంది: డైనమో కమ్యుటేటర్‌లో పట్టీల మధ్య మైకాని లోపలికి కోస్తారు, సెల్ఫ్‌ది కోయకూడదు. రెండు పనులూ ఒకే బల్ల మీద చేసేవాళ్ళు అలవాటుగా రంపం ముక్క తీసుకుంటారు. ముందే చెప్పి ఉంచండి.

కొత్త బుష్‌లు ఇత్తడివి కాకుండా నూనె పీల్చుకునే రకం కంచువి వేయించండి. బిగించే ముందు పలుచటి ఇంజన్ ఆయిల్‌లో 24 గంటలు నాననివ్వాలి. ఎక్కించాక రీమర్ వేయకూడదు, నూనె వచ్చే సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. బిగించాక బల్ల మీద వైస్‌లో గట్టిగా పట్టి వట్టిగా తిప్పి చూడండి. పది సెకన్లు చాలు. బరువు లేని ఈ మోటారు వేగానికి హద్దుండదు.

ప్రశ్న: నా అంబాసిడర్ ఒక్కోసారి సెల్ఫ్‌కి వట్టి గరగర. టాప్ గేర్‌లో పెట్టి కొంచెం తోసి మళ్ళీ కొడితే మామూలుగా అందుకుంటుంది. సెల్ఫ్ మార్చాక కూడా అంతే.
– పాఠకుడు, మంగళగిరి

జవాబు: సెల్ఫ్ మార్చడం దండగైంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగేటప్పుడు కంప్రెషన్ అడ్డుపడి ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లే ఆగుతుంది. సెల్ఫ్ మొదటి గుద్దు ఎప్పుడూ ఆ నాలుగైదు పళ్ళకే. మిగతా రింగు కొత్తదిలా ఉంటుంది. మీరు తోసినప్పుడు మంచి పళ్ళు ఎదురుకొస్తున్నాయి.

గేర్‌బాక్స్ ఎలాగూ క్లచ్ ప్లేటుకి దింపినప్పుడు రింగు మార్పించండి. కొత్తది దొరకకపోతే పాతదాన్నే వేడిచేసి వదులుచేసి, పావు చుట్టు తిప్పి ఎక్కించవచ్చు. ఏటవాలు అంచు ముందు ఏ వైపు ఉందో ఆ వైపే ఉండాలి. వేడి చుట్టూ సమంగా, 200 నుంచి 230 డిగ్రీల దాకా. గ్యాస్ మంటతో ఎర్రబడేలా కాలిస్తే పళ్ళ గట్టిదనం పోయి ఏడాదిలో మళ్ళీ ఇదే ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: బెండిక్స్ ఇరుక్కుపోతోంది. గ్రీజు పెట్టమంటారా?
– పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: వద్దు. క్లచ్ దుమ్ము గ్రీజుకి అంటుకుని జిగురైపోతుంది, అప్పుడు నిజంగానే ఇరుక్కుంటుంది. కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అలాగే వదిలేయండి. దారిలో ఇరుక్కుంటే సెల్ఫ్ వెనక మూత తీయండి, షాఫ్టు చివర నలుపలకలుగా చెక్కి ఉంటుంది. స్పానర్ వేసి తిప్పితే వదులుతుంది. అది చేతికి అందకపోతే ఇగ్నిషన్ ఆపి, టాప్ గేర్‌లో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి.